వేడిని చూసే కంటికి గంధకపు అద్దం
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెబుతారు. నన్ను సైన్సు విషయమేదైనా మాట్లాడమన్నారు. ఫైళ్ళు కట్టిన గుమాస్తాను, నాకు అర్థమైనంత మేరకే మనవి చేస్తాను.

మన సీతంపేట, పార్వతీపురం వైపు ఏనుగుల బెడద తెలియనివారు లేరు. 2018లో ఒడిశా అడవుల నుంచి దిగిన గుంపు అరటి, చెరకు, వరి తొక్కడమే కాక మనుషుల ప్రాణాలు కూడా తీసింది. అమావాస్య రాత్రి పొలం గట్టున పది గజాల దూరంలో నిలబడ్డా ఏనుగు కనబడదు. దాని ఒంటి వేడి మాత్రం దాగదు.

ఎరుపు రంగుకు అవతల కంటికి కనబడని వేడి కిరణాలున్నాయని 1800లో విలియం హెర్షెల్ పట్టకం, థర్మామీటర్లతో కనిపెట్టాడు. వాటినే పరారుణ కిరణాలంటారు. వాటితో బొమ్మ తీసే కెమెరాలు ఉన్నాయి. చిక్కల్లా అద్దం దగ్గరే. మన కళ్ళజోడు గాజులోంచి ఒంటి వేడి కిరణాలు సాగవు. మామూలు ప్లాస్టిక్కు దళసరిగా ఉంటే దానిలోంచీ సాగవు. అందుకని జెర్మేనియం అనే ఖరీదైన పదార్థాన్ని సానబట్టి కటకాలు చేస్తారు. 2023 ఆగస్టు నుంచి చైనా దాని ఎగుమతికి లైసెన్సు పెట్టింది కూడా.

పల్చటి పాలిథీన్ కొంత నయం. తలుపు దగ్గర మనిషి కదలగానే దీపం వెలిగించే పరికరానికుండే తెల్లటి గీతల డొప్ప దానితో చేసినదే. అయితే దానితో స్పష్టమైన బొమ్మ రాదు.

ఇక్కడ గంధకం అక్కరకొచ్చింది. ముడిచమురును శుద్ధి చేసేటప్పుడు గంధకం గుట్టలుగా మిగులుతుంది. దాన్ని కరిగించి సుమారు 160 డిగ్రీలు దాటిస్తే ఎనిమిదేసి పరమాణువుల వలయాలు తెగి, పొడవైన గొలుసులవుతాయి. ఊరికే వదిలేస్తే చల్లారాక మళ్ళీ మొదటికొస్తాయి. అందుకే మరో రసాయనం కలిపి ముడివేస్తారు. 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ప్యున్ బృందం ఈ పద్ధతి ప్రకటించింది. 2023లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంవారు సైక్లోపెంటాడయీన్ కలిపి, అచ్చులో నొక్కి నల్లటి కటకాలు చేశారు. కంటికి బొగ్గులా కనబడినా వేడి కిరణాలను పోనిస్తాయి. ఒక్కో కటకానికి పట్టే ముడిసరుకు ఖరీదు అమెరికా సెంటు కూడా ఉండదన్నారు.

కెమెరా ధరంతా కటకానిదే కాదు, లోపలి సెన్సారుకూ ఖర్చుంది. పైగా తొలి గంధకపు ప్లాస్టిక్కులు కొద్దిపాటి వేడికే మెత్తబడేవి. మన రోహిణీ కార్తె ఎండల్లో చెట్టుకు కట్టి పరీక్షించాక గాని నేను నమ్మను. దట్టమైన ఆకుల చాటునున్న ఏనుగును ఏ కెమెరా పట్టలేదు. అయినా పంచాయతీకొక కెమెరా కొనే రోజు వస్తే, రాత్రి చేను కాపలాకు పోయే రైతుకు ముందే కబురందుతుంది.

టీ.వీ. రిమోట్ ఒకటి తెచ్చాను. టీ ఇచ్చే వేళ సెల్‌ఫోన్ కెమెరాలోంచి దాని మొన చూపిస్తాను. మీట నొక్కితే, కంటికి కనబడని వెలుగు చాలా ఫోన్లలో మిణుకుమంటుంది. అది వేడి కిరణం కాదు, ఎరుపుకు దగ్గరి చుట్టం. ఆసక్తి ఉన్నవారు కిటికీ పక్కకు రండి.