తెల్లని పూడిక, దాని అడుగుపూత
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



సంస్కృతమున ద్విజశబ్దము విప్రునకును, పక్షికిని, దంతమునకును గూడ పేరు. పాలపన్ను ఊడి మరల పుట్టును గాన పన్ను ద్విజము. మూడవ జన్మ దానికి లేదు. ఉన్నదానిని నిలుపుకొనుటయే గతి. మేము వైద్యులము గాము. చదివియు, వైద్యుల నడిగియు తెలిసికొన్నంత విన్నవించుచున్నాము.

పిప్పిపన్నును తొలిచి వెండిపాదరసముల మిశ్రమముతో పూడ్చుట పూర్వపు పద్ధతి. ఇప్పుడు మనవారు పంటివన్నెలో కలిసిపోవు కాంపోజిట్ పూడికనే కోరుచున్నారు. దానికి మూలమైన రెసినునకు అమెరికాలో రఫేల్ బోవెన్ 1962లో పేటెంటు పొందెను. నేటి కాంపోజిట్ నీలికాంతి సోకగా గట్టిపడును. గట్టిపడుచు నూటికి 2, 3 పాళ్లు ముడుచుకొనును. అందుచే అంచున సందు పడినయెడల లాలాజలమును, సూక్ష్మక్రిములును లోనికి దిగును. చల్లనినీరు తగిలినంతనే పన్ను జివ్వుమనును. పూడిక క్రిందనే మరల పిప్పి పుట్టును.

కావుననే గుంత అడుగున ముందొక పూత వేయు వాడుక కలిగినది. దీనినే లైనరందురు. ఏ పూత యనునదే ముఖ్యము. లవంగతైలపు సారమగు యూజెనాలును జింకు ఆక్సైడుతో కలిపిన ముద్ద నొప్పి నణచుటలో ప్రసిద్ధము. వెండిపూడిక క్రింద చక్కగా పనిచేసినది. తెల్లని పూడికకు మాత్రమది పగ. యూజెనాలు తాకినచోట రెసిన్ సరిగా గట్టిపడక మెత్తగా నిలిచిపోవును. మన యిండ్లలో పంటిపోటుకు లవంగనూనె దూది పెట్టుట పరిపాటి గదా! పెట్టినవారు ఆ సంగతి డాక్టరుగారికి దాచక చెప్పవలెను.

కాల్షియం హైడ్రాక్సైడు మరియొకటి. తడిపిన సున్నమే శుద్ధమైన మందుగా వచ్చినదనుడు. నాడియు రక్తనాళములును గల దంతమజ్జకు గుంత మిక్కిలి సమీపించినచోట దీనిని పెట్టిన, పన్ను తనలోపల క్రొత్తగోడ కట్టుకొనుటకు ప్రేరేపించును. అయినను దీనికి బలము తక్కువ, పంటికి అంటుకొనదు, కాలక్రమమున కరగును. అందుచే మిక్కిలి లోతైన తావున చుక్కంత చాలును. (తాంబూలపు సున్నమును ఇంట పంటిలో నద్దుకొనుడని దీని భావము గాదు. నోరు పొక్కును.) గ్లాస్ అయానొమర్ అను సిమెంటు విల్సన్, కెంట్ అను శాస్త్రజ్ఞులు లండనులో కల్పించినది. అది పంటితో రసాయనబంధము నొందును, ఫ్లోరైడును కొంచెముకొంచెముగా విడుచును. అది క్రింద నిలిచినంతమేర పైపూడిక పరిమాణము తగ్గును గనుక ముడుతయు తగ్గును.

ఇంతమాత్రమున ప్రతి గుంతకును పూత వలయునని తలపరాదు. అంటుద్రవ్యములు చాల బాగుపడినవి. 2016లో కాక్రేన్ సంస్థవారు పరిశోధనలను సమీక్షించి, వెనుకపళ్ల తెల్లని పూడికల క్రింద లైనరు వేసినందున పిదప జివ్వుమనుట తగ్గునని చెప్పుటకు నిలకడైన సాక్ష్యము లేదనిరి. లోతులేని గుంతకు పూత పేరిట అదనపు రొక్కము గోరినచో, ఎందులకని యడుగుటలో అమర్యాద లేదు. పూతకన్న మిన్నగా మేమెంచునది తేమ చేరనీయకుండుట. రబ్బరుతెర కట్టి, 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా నింపుచు, ఒక్కొక్కపొరను కాంతితో గట్టిపరచు వైద్యుని పని నిలుచును. దానికి కాలము పట్టును. కుర్చీలో కూర్చుండినది మొదలు గడియారము చూచి తొందరపెట్టువారు మనలోనే కలరు!

పూడిక పిమ్మట చలికి కొన్ని దినములు జివ్వుమనిన వెరవవలదు. వారములు గడచినను తగ్గక, రాత్రివేళ తనంతట పోటు లేచిన, లోని మజ్జ వాచియుండును. అప్పుడు లవంగనూనెతో కాలము పుచ్చక వెంటనే చూపించుకొనవలెను.