చరణం మరచిపోతే తాళం వేయండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఎనిమిదో తరగతిలో, బడి వార్షికోత్సవంలో పాడుతూ నేను చరణం మరచిపోయి నిలబడిపోవడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అందరూ నవ్వారు. ఆ తరువాత నేను నలుగురిలో నోరు విప్పి పాడలేదు.

ఇప్పుడు ఉంటున్నది చెన్నైలో. మైలాపూరు దగ్గర లజ్‌లో నాగేశ్వరరావు పార్కు ఉంది. 1893లో అమృతాంజనం, 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే అది. అక్కడ ఆదివారం పొద్దున్నే పిల్లల కచేరీలు జరుగుతుంటాయి. టిక్కెట్టు లేదు, మైకు లేదు. నడకకు వచ్చినవాళ్ళు ఆగి వింటారు. పాడే పిల్లల్లో చాలామందికి తెలుగు రాదు. వాళ్ళ నోట వినిపించేది మాత్రం త్యాగరాజస్వామి తెలుగు.

మా మనవరాలు అక్కడ పాడుతూ చరణం మధ్యలో ఆగిపోయింది. నా గుండె జారిపోయింది. ఎవరూ నవ్వలేదు. ముందు కూర్చున్న ఒక పెద్దావిడ మెల్లగా తాళం వేస్తూనే ఉంది. పిల్ల అందుకుంది.

నా మనవి ఒక్కటే. హాలు అద్దె కట్టి అరంగేట్రం చేయించలేని ఇళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నాయి. నెలకొక ఆదివారం బడి గేటు తెరిచి, పాడే పిల్లలకూ ఆడే పిల్లలకూ మన వేపచెట్టు నీడ ఇద్దాం. జంపఖానాల ఖర్చు నాది. మొదటి పాట కూడా నాదే. చరణం మరచిపోతే, మీరు తాళం వేయండి.

సెలవు.