ఎక్సెల్‌లో కనబడని పనిముట్లు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను కంప్యూటరు గురించి మాట్లాడమన్నప్పుడు మొదట వద్దనే అన్నాను. నేను కంప్యూటరు చదివినవాణ్ణి కాను. ఫేసిట్ మిషను పిడి తిప్పి బిల్లులు కూడిన తరం వాణ్ణి. కాకపోతే గత రెండేళ్లలో ఈ ఎక్సెల్ అనేదాన్ని కొంచెం తవ్వి చూశాను. అందులో మనబోటి వాళ్లకు పనికివచ్చేవి చాలా ఉన్నాయి. చిక్కల్లా అవి పైకి కనబడకపోవడమే.

మొదట నా అజ్ఞానం ఒప్పుకుంటాను. పదేళ్లపాటు నేను ఎక్సెల్‌ను టైపు మిషనుగా వాడాను. పక్కన కాలిక్యులేటరు పెట్టుకుని, దాని మీద కూడి, వచ్చిన మొత్తాన్ని గడిలో కొట్టేవాణ్ణి. మా మనవరాలు చూసి, "తాతయ్యా, కారు కొనుక్కుని తోసుకుంటూ వెళ్తున్నావేంటి?" అంది. ఆ మాటకు ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం గుచ్చుకుంది.

తరువాత నిరుడు జరిగిన సంగతి. మాతో పనిచేసిన ఒక మిత్రుడు కాలం చేశాక ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ అరియర్స్ రావలసి ఉంది. ఏ ఆఫీసన్నది వదిలేయండి, 22 నెలల లెక్క వేసి ఆమెకు ఫోనులో ఒక ఎక్సెల్ కాగితం పంపారు. ఆమె నా దగ్గరకు వచ్చి, "అన్నయ్యగారూ, ఇది సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూడండి. ఆయనుంటే ఆయనే చూసుకునేవారు" అన్నారు. అలవాటు కొద్దీ కాగితం మీదికి ఎక్కించి కింది నుంచి పైకి, పై నుంచి కిందికి కూడాను. రెండు సార్లూ అందులో వేసిన టోటల్ కంటే 4,636 రూపాయలు ఎక్కువ వచ్చింది. మూడోసారీ అంతే.

ఆఫీసుకు వెళ్లి చెప్తే అక్కడి అబ్బాయి మర్యాదగానే, "కంప్యూటర్ వేసిన టోటల్ సార్, తప్పుండదండీ" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లు కూడికలే చేసిన నేను, నా కూడికను అనుమానించుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మర్నాడు మనవరాలు ఒక కిటుకు చూపింది. ఎక్సెల్ తెర అడుగున సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. మనం ఎప్పుడూ దాని వంక చూడం. దాని మీద మౌసు కుడి బటను నొక్కితే పెద్ద జాబితా దిగుతుంది. అందులో 'కౌంట్' ఒకటి, 'న్యూమరికల్ కౌంట్' ఒకటి. రెండింటికీ టిక్కు పెట్టి, ఆ 22 గడులనూ ఎంచుకుంటే అడుగున వచ్చింది: కౌంట్ 22, న్యూమరికల్ కౌంట్ 20. అంటే 22 గడుల్లో రాత ఉంది, కాని వాటిలో అంకెలు 20 మాత్రమే! మిగిలిన రెండూ మన కంటికి అంకెలే, మిషను కంటికి అక్షరాలు. వేరేచోటి నుండి తెచ్చి అతికించినప్పుడు ఇలా జరుగుతుందట. 'సమ్' అనే కూడిక అక్షరాలను చూసీ చూడనట్టు దాటిపోతుంది. తప్పని చెప్పదు, ఆగదు.

ఆ రెండు గడులు ఏవి? మామూలుగా అక్షరాలు గడిలో ఎడమకు, అంకెలు కుడికి జరుగుతాయి. ఈ కాగితంలో అన్నిటినీ అందంగా మధ్యకు పెట్టారు కనుక ఆ ఆనవాలు పోయింది. దానికీ ఒక పనిముట్టు ఉంది. గడులు ఎంచుకుని కంట్రోల్, జి కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. దాని మూలన 'స్పెషల్' అని ఉంటుంది. అందులో 'కాన్‌స్టెంట్స్' ఎంచుకుని, దాని కింద 'టెక్స్ట్' ఒక్కటి ఉంచి మిగతా టిక్కులు తీసేసి ఓకే అంటే, దొంగ గడులు రెండూ పట్టుబడ్డాయి. ఒక్కొక్కటి 2,318. రెండూ కలిపితే నా 4,636.

ఈసారి అబ్బాయి ఎదుటే చేసి చూపించాను. పాపం, అతను తెల్లబోయి, "సార్, ఇది నాకూ నేర్పండి" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. అతనికి ఎవరూ చెప్పలేదు, నాకూ ఎవరూ చెప్పలేదు. ఆమెకు సవరించిన బిల్లు నెలన్నరకు పాసయింది.

అసలు ఇవి ఎందుకు మరుగున ఉంటాయి? 1979లో విజికాల్క్ వచ్చింది, 1983లో లోటస్ 1-2-3, 1985లో మాకింటోష్ కంప్యూటరు మీద ఎక్సెల్. ఒకరి కాగితాలు మరొకరు చదవాలంటే పాత వాటిని మోయక తప్పదు. మన ఆఫీసుల్లో పాత ఫైళ్లు బీరువా వెనక్కి చేరినట్టే ఇక్కడా కొన్ని చేరాయి. 2007లో పైభాగమంతా మార్చి 'రిబ్బన్' పెట్టినప్పుడు చోటు దొరకనివి మరికొన్ని లోపలికి పోయాయి. అన్నట్టు 1997 నాటి ఎక్సెల్‌లో తయారుచేసినవాళ్లు ఒక విమానం ఆటనే దాచారు. దానివల్ల మనకు పైసా లాభం లేదు, సరదాకు చెప్పాను.

అలా వెనక్కి చేరిన వాటిలో పెన్షనర్లకు ముఖ్యమైనది 'డేట్‌డిఫ్'. అక్షరాలు చెప్తాను, రాసుకోండి: డి, ఎ, టి, ఇ, డి, ఐ, ఎఫ్. మధ్యలో ఖాళీ లేదు. లోటస్ నాటి కాగితాల కోసం ఉంచారని తయారీదారులే చెప్తారు. మీరు గడిలో కొడుతుంటే మిగతా సూత్రాల పేర్లు కింద కనబడతాయి, దీని పేరు కనబడదు. అయినా పూర్తిగా కొడితే పనిచేస్తుంది. బ్రాకెట్లో మొదటి తేదీ గడి, కామా, రెండో తేదీ గడి, కామా, కోట్స్ మధ్య వై అని పెడితే నిండిన సంవత్సరాలు వస్తాయి. వై బదులు వై ఎం అంటే పైన మిగిలిన నెలలు, ఎం డి అంటే మిగిలిన రోజులు. ఈ ఎం డి ఒక్కోసారి తప్పు చెప్తుందని వాళ్లే హెచ్చరించారు. కాబట్టి రోజులు చేత్తో సరిచూసుకోవాలి.

క్వాలిఫయింగ్ సర్వీసు లెక్కకు దీన్ని వాడేటప్పుడు ఒక గుంట ఉంది, జాగ్రత్త. ఒకాయన 1-5-1980న చేరి 31-7-2008న రిటైరయ్యాడనుకోండి. తేదీలు రెండూ అలాగే ఇస్తే 28 సంవత్సరాల 2 నెలల 30 రోజులు అంటుంది. ఆఖరు రోజును అది లెక్కలోకి తీసుకోదు. ఆ రోజు మనం డ్యూటీ చేశాం, సాయంత్రం దండ వేయించుకున్నాం! అందుకని రెండో తేదీకి ఒకటి కలపాలి. అప్పుడు 28 సంవత్సరాల 3 నెలలు. ఒక్క రోజే కదా అనకండి. మన 1980 పెన్షన్ రూల్సులో మూడు నెలలు నిండితే అది అర్ధ సంవత్సరం కింద లెక్క. ఒక రోజు తగ్గితే 56 అర్ధ సంవత్సరాలు, సరిగా వేస్తే 57. ఆఖరి జీతం 13,200 అయితే అందులో సగం 6,600, దాన్ని 66తో భాగిస్తే 100. అంటే నెలకు వంద రూపాయల బేసిక్ పెన్షన్, దాని మీద డి.ఆర్., బతికినంత కాలం. ఆనాడు సూపరింటెండెంటు గారు మా చేత వేళ్ల మీద లెక్కపెట్టించింది ఇందుకే.

ఇక రెండోది 'గోల్ సీక్'. ఇది 'డేటా' కింద 'వాట్-ఇఫ్ ఎనాలిసిస్' లోపల ఉంటుంది. ఇది లెక్కను వెనక్కి నడిపిస్తుంది. జవాబు ఇది కావాలి, దానికి ఏ అంకె పెట్టాలో నువ్వే వెతుకు అని చెప్పడం.

కమ్యుటేషన్ మీద ప్రయత్నించాను. కేంద్ర ప్రభుత్వం ఆరో వేతన సంఘం తర్వాత తెచ్చిన పట్టికలో 60కి రిటైరైనవారికి గుణకం 8.194. నెలకు 5,000 కమ్యూట్ చేస్తే 5,000 ఇంటూ 12 ఇంటూ 8.194, అంటే 4,91,640 రూపాయలు చేతికొస్తుంది. నెలకు 5,000 చొప్పున 15 ఏళ్లు కోత, మొత్తం 9 లక్షలు. ఈ లెక్కన మన మీద పడుతున్న వడ్డీ ఎంత? వడ్డీ ఒక గడిలో, నెలలు 180 ఒక గడిలో పెట్టి, మూడో గడిలో 'పి వి' అనే సూత్రంతో ఆ కోతల నేటి విలువ కట్టాలి. ఎనిమిది శాతం దగ్గర అది సుమారు 5 లక్షల 23 వేలు వచ్చింది. అప్పుడు గోల్ సీక్‌ను పిలిచి, ఆ గడి 4,91,640 కావాలి, వడ్డీ గడి మార్చు అన్నాను. అంకెలు గిరగిరా తిరిగి 9.05 దగ్గర ఆగాయి. వడ్డీని ఎనిమిది దగ్గరే ఉంచి నెలలు మార్చమంటే 160 పైచిలుకు, అంటే పదమూడు సంవత్సరాల నాలుగు నెలలు దాటగానే బాకీ తీరిపోతుంది.

ముందు వరుసలో కొందరు లేచి నిలబడేలా ఉన్నారు. కొంచెం ఆగండి. ఆ పట్టికలో వడ్డీ ఒక్కటే లేదు, మన ఆయుష్షు కూడా ఉంది. మధ్యలో మనం పోతే మిగిలిన బాకీ ఫ్యామిలీ పెన్షన్‌లోంచి కోయరు. ఆ నష్టం ప్రభుత్వం భరిస్తుంది, దానికి కొంత ధర కట్టారు. ఆ ధర ఎక్కువా తక్కువా అన్నది వాదించదగ్గదే. అర్జీ పెట్టేవాళ్లు ఈ రెండు వైపులూ చూసి రాస్తే జవాబు చెప్పేవాళ్లకు తప్పించుకునే సందు ఉండదు. మీ మీ గుణకం వేరు కావచ్చు, మీ కమ్యుటేషన్ ఉత్తర్వులో చూసుకుని వేసుకోండి.

చివరిది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మన ఆఫీసుల్లో కంపేరింగ్ గుర్తుందా? ఒకరు చదవడం, ఒకరు టిక్కు పెట్టడం. పాతికేళ్లు నాకు చదివి వినిపించిన మిత్రుడే, ఇందాక చెప్పానే, ఆ కాలం చేసినాయన. ఇప్పుడు ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను తెర మీద పెడితే శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు నీళ్లు కారుతున్నాయి. ఎక్సెల్‌కు చదవడం వచ్చు! తెర పైన ఎడమ మూల చిన్న బొమ్మల పట్టీ చివర బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కి 'మోర్ కమాండ్స్'లోకి వెళ్లి, పై జాబితాలో 'కమాండ్స్ నాట్ ఇన్ ద రిబ్బన్' ఎంచుకుంటే మరుగున పడ్డవన్నీ అక్షరక్రమంలో బారులు తీరి ఉంటాయి. అందులో 'స్పీక్ సెల్స్' పట్టుకుని 'యాడ్' అనండి. ఇక గడులు ఎంచుకుని ఆ బొమ్మ నొక్కితే వరుసగా చదువుతుంది. నా కంప్యూటరు ఇంగ్లీషులోనే, కాస్త ముక్కుతో చదువుతుంది. మా వాడు అంకె అంకెకీ మధ్య ఒక పొడుం పట్టు పట్టేవాడు. ఇది ఆగదు, నేనే ఆపుకోవాలి.

ఎక్సెల్ కొనలేనివారు లిబ్రే ఆఫీస్ ఉచితంగా తెచ్చుకోవచ్చు. దాంట్లో గోల్ సీక్ 'టూల్స్' కింద ఉంది, డేట్‌డిఫ్‌ను దాచలేదు, జాబితాలోనే చూపిస్తారు.

మన సంఘం గదిలో ప్రతి రెండో శనివారం పదకొండు గంటలకు నా లాప్‌టాప్‌తో కూర్చుంటానని కార్యదర్శి గారికి మాటిచ్చాను. వచ్చేవారు పి.పి.ఓ. నకలు, కమ్యుటేషన్ ఉత్తర్వు, ఉంటే సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ, ఆఖరి పేజీ జిరాక్సులు తెచ్చుకోండి. కళ్లజోడు మరువకండి.