మందు రాయడం కూడా చదువే
(మన సంఘం వార్షిక సభలో ఒక వైద్య అధ్యాపకుని ప్రసంగ పాఠం)



నేను వైద్య విద్యార్థులకు మందుల శాస్త్రం చెప్పేవాణ్ణి. ఏ యాంటీబయాటిక్ ఏ క్రిమిని చంపుతుందో, మోతాదు ఎంతో ఏళ్ల తరబడి చెప్పాం. పిల్లలు బట్టీపట్టి ప్యాసయ్యారు. రోగి ఎదుట కూర్చుంటే మాత్రం ఆ చదువు అక్కరకు రాలేదు.

1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యకు కొత్త పద్ధతి మొదలైంది. అందులో ముందు సమస్య, తర్వాత పాఠం. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులు రాయడానికి ఆరు మెట్లు చూపింది: రోగి సమస్య ఏమిటి, ఏం సాధించాలి, ఎంచుకున్న చికిత్స ఈ రోగికి తగునా, ఆపైన చికిత్స మొదలుపెట్టడం, వివరించి చెప్పడం, ఫలితం గమనించడం.

ఒకసారి ఎనిమిదిమంది విద్యార్థులకు ఒక కాగితం ఇచ్చాను. "రెండేళ్ల బాబు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. రక్తం లేదు. కళ్లు లోతుకు పోయాయి. ఆత్రంగా నీళ్లు తాగుతున్నాడు." దాదాపు అందరూ యాంటీబయాటిక్ రాశారు.

"ఎందుకు?"

"క్రిములు చావాలి కదండీ."

"ఏ క్రిములు?"

జవాబు లేదు. లైబ్రరీకి వెళ్లి చదివి, తర్వాతి క్లాసులో వాళ్లే చెప్పారు. ఈ వయసులో ఇలాంటి విరేచనాలకు తరచుగా వైరస్సే కారణం, దాన్ని యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. ప్రాణాపాయం నీళ్లూ లవణాలూ పోవడంవల్ల. కావలసింది ఓఆర్‌ఎస్, 14 రోజులు జింకు. రక్తం పడినా, కలరా అనుమానమున్నా సంగతి వేరు.

అప్పుడు నేను తల్లినయ్యాను. "ఇంతదూరం వస్తే ఉప్పు చక్కెర నీళ్లేనా బాబూ?" అన్నాను. కుర్రాళ్లు తడబడ్డారు. ఒక అమ్మాయి మాత్రం, "అమ్మా, ఒంట్లోంచి పోయిందే తిరిగి పోస్తున్నాం. తాగలేకపోయినా, రక్తం పడినా వెంటనే తీసుకురండి" అంది. ఐదో మెట్టూ ఆరో మెట్టూ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి.

సోదరులారా, దాచను. ఒక ఉచిత వైద్య శిబిరంలో పొడవాటి క్యూ చూసి, అడిగినవారికల్లా నేనూ క్యాప్సూళ్లు రాసిచ్చాను. వివరించడానికి ఐదు నిమిషాలు, రాయడానికి అరనిమిషం! అలా అనవసరంగా వాడినకొద్దీ మందుకు లొంగని క్రిములు మిగులుతాయి. రేపు న్యుమోనియా వచ్చిన మరో బిడ్డకు ఆ మందే పనిచేయకపోవచ్చు.

ఈ మందులు మన చేతిలోని అమానత్. డాక్టరు "అక్కరలేదు" అంటే అలగకండి, "ఎందుకు?" అని అడగండి. చెప్పగల డాక్టర్లను తయారుచేయడం మా వంతు.

అల్లా మనందరికీ ఆ వివేకం ప్రసాదించుగాక. సెలవు.