రోడ్డు పనికి ఒక కొలత ఉంది



ఏర్పేడులో బస్సెక్కి రేణిగుంట మీదుగా తిరుపతికి పోతుంటే కట్టుబడి పనులు కనబడతాయి. ఒకచోట సిమెంటు రోడ్డు వేస్తుంటారు. ఒకచోట కాలవ తవ్వుతుంటారు. ఇంకొకచోట మిద్దె మీద మిద్దె లేస్తుంటుంది. ఆ పనుల్లో ఇసుక మోసేవాళ్లలో, కంకర ఎత్తేవాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో! కానీ పని బాగుందా లేదా అని అడగాల్సి వస్తే వాళ్లు వెనక్కి పోతారు. "మాకేం తెలుసు? అదంతా ఇంజనీరు సారు చూసుకుంటాడు" అంటారు.

ఇంజనీరు ఆఫీసు చేసే పని ఏమిటి? అది తెలిస్తే అడగడం కష్టం కాదు.

ముందు తిరుపతి సంగతి చూడండి. తిరుపతి 1886లో పురపాలక సంఘం అయింది. 2007లో నగరపాలక సంస్థ అయింది. అందులో ఇంజనీరింగ్ విభాగం ఒకటి. రోడ్లు, మురుగు కాలవలు, తాగునీటి గొట్టాలు, వీధి దీపాలు ఆ విభాగం పనులు. ఇంటి ప్లాను చూసి అనుమతి ఇచ్చేది టౌన్ ప్లానింగ్ విభాగం. చెత్త ఎత్తించేది ప్రజారోగ్య విభాగం. ఏ పని ఎవరిదో తెలిస్తే గది గదికీ తిరిగే బాధ తప్పుతుంది.

ఏర్పేడు నగరం కాదు. ఇక్కడ ఉండేది గ్రామ పంచాయతీ. ఊరి రోడ్ల పనులు పంచాయతీరాజ్ ఇంజనీర్లు చూస్తారు. నీళ్ల పథకాలు గ్రామీణ నీటి సరఫరా ఇంజనీర్లు చూస్తారు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనాయి. వాటిలో ఇంజనీరింగ్ అసిస్టెంట్లను కూడా వేశారు. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీకి, ఐసర్‌కు ఏర్పేడు మండలంలోనే సొంత భవనాలు కట్టారు. కొత్త ఇళ్లు, కొత్త రోడ్లు వచ్చేకొద్దీ ఇంజనీరు ఆఫీసుతో పని పడుతూనే ఉంటుంది.

ఇల్లు కట్టుకునేవాళ్లు పునాది తీయకముందే మూడు సంగతులు అడగాలి. ప్లానుకు అనుమతి వచ్చిందా? వీధి కాలవ ఎటు పోతుంది? రోడ్డు ఎంత ఎత్తుకు వస్తుంది? రోడ్డు కంటే ఇల్లు పల్లంగా ఉంటే వాన నీళ్లు ఇంట్లోకే వస్తాయి. కొళాయి గొట్టం కోసం రోడ్డు తవ్వాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. కాలవ మీద మెట్లు కట్టకూడదు. ఈ రూలు పెద్ద బిల్డరుకూ ఒకటే, కూలి చేసుకునే అక్కకూ ఒకటే.

2021 నవంబరులో తిరుపతిలో కుండపోత వాన పడింది. వీధులు ఏరులైనాయి. పల్లంలోని ఇళ్లలోకి నీళ్లు వచ్చినాయి. అంత వాన పడితే మంచి కాలవ కూడా తట్టుకోవడం కష్టమే. కానీ పూడిపోయిన కాలవ ఉంటే చిన్న వానకే ఇల్లు మునుగుతుంది. అప్పుడు తడిసిన బియ్యం ఎండబెట్టేది ఎవరు? బురద ఎత్తిపోసేది ఎవరు? ఇంటి ఆడవాళ్లే కదా!

మరి రోడ్డు పని ఎట్లా జరుగుతుంది? ముందు ఇంజనీరు అంచనా వేస్తారు. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం, ఎంత ఖర్చు అని రాస్తారు. తర్వాత టెండరు పిలిచి కాంట్రాక్టరుకు పని ఇస్తారు. పని అయినాక ఇంజనీరు కొలిచి కొలతల పుస్తకంలో రాస్తారు. దాన్ని ఎం-బుక్ అంటారు. పై ఇంజనీరు మళ్లీ సరిచూస్తారు. ఆ పుస్తకంలోని కొలతను బట్టే బిల్లు వస్తుంది.

ఒక లెక్క చేసి చూడండి. రోడ్డు పొడవు 100 మీటర్లు. వెడల్పు 3 మీటర్లు. కాంక్రీటు మందం 15 సెంటీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు. దీనికి 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఆరు అంగుళాల చోట నాలుగు అంగుళాలే వేస్తే 30 ఘనపు మీటర్లే పడుతుంది. మూడింట ఒక వంతు మాయం! పైకి చూస్తే రెండు రోడ్లూ ఒకటే మాదిరి ఉంటాయి. నాలుగు వానలు పడినాక తేడా బయటపడుతుంది. అందుకే కాంక్రీటు పోసేటప్పుడే చూడాలి. స్కేలు పెట్టి కొలిస్తే చాలు.

పని జరిగే చోట బోర్డు పెట్టి ఉంటే చదవండి. పని పేరు, ఖర్చు, కాంట్రాక్టరు పేరు నోటుబుక్కులో రాసుకోండి. బోర్డు లేకపోతే ఆఫీసులో అడగండి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అంచనా కాపీ, ఎం-బుక్ కాపీ కావాలని ఆ చట్టం కింద అర్జీ పెట్టవచ్చు. జవాబు 30 రోజుల్లోపు ఇవ్వాలి. ప్రభుత్వ పనిని దగ్గరుండి చూసే హక్కు, ఇసుక, సిమెంటు లాంటి సరుకు నమూనా అడిగే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి.

అర్జీ పెద్దగా రాయనక్కర్లేదు. తేదీ వేయండి. వీధి పేరు రాయండి. "మా వీధి కాలవ పూడిపోయింది. నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి. వచ్చి చూసి బాగు చేయించండి" అని రాయండి. పది మంది ఆడవాళ్లు కింద సంతకాలు పెట్టండి. అర్జీ ఇచ్చినాక రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేకపోతే అర్జీ ఇచ్చినట్టు రుజువు ఉండదు.

వేలిముద్ర వేసిన చేతులు ఇప్పుడు సంతకం పెడుతున్నాయి. ఆ సంతకాన్ని వీధి పనికి వాడండి. ఈ వారం మీ వీధి కాలవను ఒకసారి చూసి రండి. ఎక్కడ పూడిందో రాసుకోండి. వచ్చే చదువు రోజున అందరూ కూర్చుని అర్జీ రాయండి.