పట్టాల వెంట ఒక వేసవి

సూరత్ నగరమున వడోద్ పరిసరములలో మరమగ్గాల చప్పుడు నడుమ పెరిగి, సివిల్ ఇంజనీరింగు చదువుచున్న నాకు, ఈ వేసవి సెలవులలో రైలుమార్గపు పనిని దగ్గరనుండి చూచు అవకాశము లభించినది.

రైలనగానే మనకు ఇంజను స్ఫురించును. కాని అన్నిటికంటె ముందు పట్టా. కీమాన్ అనబడు కార్మికుడు సుత్తియు స్పానరును చేతబట్టి, ప్రతిదినము తన హద్దులోని పట్టాల వెంట నడచుచు, పట్టాను దాని క్రింది అడ్డదిమ్మెయగు స్లీపరుకు బిగించు క్లిప్పు ఎక్కడైన వదులైనదేమోనని పరికించి, అక్కడికక్కడే కొట్టి బిగించును. అతని చూపు బహు నిశితము.

ఎండకు ఉక్కు సాగును. అతుకు లేకుండ కిలోమీటర్ల పొడవున వెల్డింగు చేసిన పట్టాకు సాగుటకు చోటుండదు గనుక, లోపల ఒత్తిడి పెరిగి, అది పక్కకు వంగు ప్రమాదము కలదు. అందుచేతనే పట్టా వేడిని కొలిచి, అది హద్దు మీరిననాడు మిట్టమధ్యాహ్నమున ప్రత్యేకముగా గస్తీ తిరుగుదురు. అవును, మనము నీడ వెదకుకొను వేళలోనే!

పట్టాల తీరు అన్నిచోట్ల ఒక్కటి కాదు; సూరత్ చెంత అంత్రోలిలో బుల్లెట్ రైలు స్టేషను వెలయుచున్నది. సాధారణ మార్గమున వలె ఆ మార్గమున పట్టాల క్రింద కంకర యుండదు; పట్టాలు కాంక్రీటు పలకలపై నిలుచును.

విద్యార్థులారా, మీరును ఈ పనిని దగ్గరనుండి చూడగోరినచో, వేసవికి చాల ముందుగనే కళాశాల లేఖతో రైల్వే డివిజను కార్యాలయమునకు దరఖాస్తు చేసికొనుడు. మరల చెప్పుచున్నాను: చాల ముందుగనే.