రిమోటునకు మీట



మా తండ్రిగారికి ఎనుబదియేండ్లు దాటినవి. చేతివణుకుచే టీవీ రిమోటులోని చిన్న బటనులు వారికి వశము గాలేదు. ధ్వని హెచ్చింపబోయిన ప్రక్కబటను నొక్కుకొని వార్తలు మాఱిపోయెడివి. మాటిమాటికి మనుమని పిలుచుటకు మొగమాటపడి, తుదకు వార్తలు వినుటయే మానుకొనిరి.

నేను రిమోటు విప్పి చూచితిని. రబ్బరు బటను అడుగున నల్లని బొగ్గుపూత కలదు. నొక్కినపుడది పలకపైనున్న రెండు రాగిగీతలను కలుపును, అంతే. వానిని ఏ మీట కలిపినను పని యొకటియే. కావున గీతలపై పూతను గీకి, హెచ్చించు బటనునుండి రెండు, తగ్గించు బటనునుండి రెండు సన్నని తీగలను టంకముతో అతికితిని. రెండు జతలు ఒకదానితో నొకటి కలియకుండుటకై ఆఱు కాళ్ల టాగిల్ స్విచ్చును కొని, చెక్కపెట్టెకు బిగించితిని.

మొదట నేనే పొరపడితిని. వేసినచోటనే నిలుచు స్విచ్చును పెట్టగా, ధ్వని ఆగక పెరిగి ఇల్లు దద్దరిల్లినది! వ్రేలు తీయగానే నడుమకు మరలివచ్చు స్ప్రింగుస్విచ్చే దీనికి తగినది.

ఒక హెచ్చరిక. రిమోటులోనివి రెండు చిన్న బ్యాటరీలు, 3 వోల్టులు మాత్రమే. కనుక భయము లేదు. ఇంటి విద్యుత్తుతో ఇట్టి ప్రయోగము తగదు.

ఇప్పుడు తండ్రిగారు అరచేతితోనే మీటను పైకి త్రోయుదురు. మొన్న వార్తలవేళ నేను మాటలాడుచుండగా, ధ్వని తామే హెచ్చించి, “ఊరకుండుము” అని నన్ను మందలించిరి. ఆ మందలింపు నాకెంతయో హాయిగా నుండెను.